హార్డ్ డిస్క్ హెడ్ సస్పెన్షన్ డిజైన్: స్లైడర్ దగ్గర మొదలుపెట్టి బేస్ ప్లేట్ దాకా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి అడిగితే, పాడైపోయిన 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఏదో ఒక రిపేర్ షాపులో చాలా తక్కువకే దొరుకుతుంది. ముందు అలాంటిదొకటి తెచ్చుకోండి. డిస్క్ మీద డేటా చదివి రాసే హెడ్‌ని కొసన పట్టుకుని ఉండే పలచని స్ప్రింగ్ రేకే హెడ్ సస్పెన్షన్. దాని గురించి ఎంత చదివినా, ఆ రేకు ముక్కని ఒకసారి కళ్లారా చూస్తే తెలిసేంత తెలియదు.

మెకానికల్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు ఈ అంశాన్నే ఎక్కువగా ఇస్తుంటాను. కారణం ఒకటే. రెండు సెంటీమీటర్లు కూడా లేని ఈ స్టీలు భాగంలో బీమ్ వంపు, టోర్షన్, కంపనాలు, కాంటాక్ట్ స్ట్రెస్, షాక్, తయారీలో తేడాలు అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి కదిలిస్తే ఇంకొకటి కదులుతుంది. పైగా ఇది మ్యూజియం వస్తువేమీ కాదు. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. ఇలాంటి క్లౌడ్ కంపెనీలన్నీ పెద్ద మొత్తంలో డేటా దాచడానికి ఇప్పటికీ నమ్ముకునేది హార్డ్ డిస్కులనే.

దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పెద్దగా కనిపిస్తుంది కదా అని లోడ్ బీమ్ గీయడంతో మొదలుపెడతారు. అలా చేస్తే సగంలో ఇరుక్కుంటారు. సస్పెన్షన్‌ని చివరనుంచి, అంటే హెడ్ ఉన్న స్లైడర్ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి బేస్ ప్లేట్ వైపు డిజైన్ చేసుకుంటూ రావాలి. ప్రతి భాగానికీ దాని ముందున్న భాగమే షరతులు పెడుతుంది. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది.

మొదటి అడుగు: డ్రైవ్ విప్పి చూడటం

3.5 అంగుళాల డ్రైవ్ మూతకి సాధారణంగా టీ8 టార్క్స్ స్క్రూలు ఉంటాయి. అన్నీ తీసినా మూత రాకపోతే లేబుల్ మీద వేలితో నొక్కి చూడండి. గుంటలా తగిలిన చోట ఒక స్క్రూ దాగి ఉంటుంది. లోపల ఆర్మ్‌లని తిప్పే కాయిల్‌కి పైనా కిందా ఉండే అయస్కాంతాలు చాలా బలమైనవి, వేళ్లు మధ్యలో పడితే చర్మం చిట్లుతుంది. ల్యాప్‌టాప్ డ్రైవ్ దొరికితే ఇంకో జాగ్రత్త కావాలి. వాటిలో డిస్కులు చాలావరకు గాజువి, వంచితే పగిలి ముక్కలు ఎగురుతాయి.

హెడ్లున్న ఆర్మ్‌ల కట్టని బయటికి తీసే ముందు, ఎదురెదురు హెడ్ల మధ్య సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చండి. అవి డిస్కుని రెండు వైపులా నొక్కుతూ ఉంటాయి కాబట్టి, మధ్యలో డిస్క్ లేకపోతే ఒకదానికొకటి కొట్టుకుని దెబ్బతింటాయి.

ఇప్పుడు భూతద్దం పెట్టి ఆర్మ్ కొస వైపు చూడండి. ఆర్మ్‌కి బిగించిన మందపాటి చదరపు ముక్క బేస్ ప్లేట్. దాని తర్వాత మధ్యలో కిటికీ కోసినట్టుండే పలచని భాగం హింజ్. ఆ తర్వాత త్రికోణంలా సన్నబడుతూ పోయేది లోడ్ బీమ్. దాని కిందివైపు అతికించి ఉన్న ఇంకా పలచని రేకు ఫ్లెక్షర్, దాని నాలుక మీద ఆవగింజకంటే చిన్న నల్లటి పలక స్లైడర్. లోడ్ బీమ్ చివర పొడుచుకు వచ్చిన చిన్న కొన లిఫ్ట్ ట్యాబ్. డ్రైవ్ ఆగినప్పుడు హెడ్లు డిస్క్ అంచు పక్కనున్న ప్లాస్టిక్ ర్యాంప్ ఎక్కి కూర్చునేది దాని సాయంతోనే.

రెండో అడుగు: స్లైడర్ ఏమి కోరుతోంది?

స్లైడర్ గాలిలో తేలుతుంది. 1956లో ఐబీఎం రామాక్ వచ్చినప్పుడు హెడ్‌ని డిస్కుకి తగలకుండా ఉంచడానికి కంప్రెస్ చేసిన గాలిని విడిగా పంపేవారు. తర్వాతి తరాల్లో తిరిగే డిస్క్ లాక్కొచ్చే గాలే ఆ పని చేయడం మొదలుపెట్టింది. 1973 నాటి ఐబీఎం 3340, అంటే వించెస్టర్ డ్రైవ్, తేలికైన హెడ్‌ని తక్కువ బరువుతో నొక్కే పద్ధతిని తెచ్చింది. ఇవాళ్టి డిజైన్లకి దారి వేసింది ఆ డ్రైవే.

మన వ్యాయామానికి 95 మిల్లీమీటర్ల డిస్క్, నిమిషానికి 7200 చుట్లు తీసుకుందాం. అంచు దగ్గర వేగం సెకనుకి దాదాపు 36 మీటర్లు, అంటే గంటకి 129 కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) మీద కార్లకి అనుమతించిన వేగం కంటే ఎక్కువే. ఆ వేగంలో స్లైడర్ డిస్కుకి సుమారు 10 నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. చదివేటప్పుడూ రాసేటప్పుడూ హెడ్ దగ్గరున్న చిన్న హీటర్ ఆ కొనని ఇంకా కిందికి ఉబ్బించి, ఖాళీని ఒకటి రెండు నానోమీటర్లకి తెస్తుంది.

స్లైడర్ కొలతలకి ఫెమ్టో సైజు తీసుకోండి: 0.85, 0.7, 0.23 మిల్లీమీటర్లు. అల్యూమినా, టైటానియం కార్బైడ్ కలిపిన సిరామిక్ కాబట్టి బరువు సుమారు 0.6 మిల్లీగ్రాములు. దీన్ని డిస్క్ వైపు నొక్కే బలాన్ని ఈ రంగంలో గ్రామ్ లోడ్ అంటారు. 2.5 గ్రాములు అనుకుందాం, అంటే 24.5 మిల్లీన్యూటన్లు. గాలి పైకి తోస్తుంది, సస్పెన్షన్ కిందికి నొక్కుతుంది. ఆ రెండూ ఎక్కడ సరితూగితే అదే ఎగిరే ఎత్తు.

స్లైడర్ అడిగేది రెండే విషయాలు. నొక్కే బలం మారకూడదు. డిస్క్ ఉపరితలం ఎలా వంగితే అలా ముందుకీ వెనక్కీ, పక్కలకీ వాలే స్వేచ్ఛ ఉండాలి. ముందు వెనకల వాలుని పిచ్ అనీ, పక్కల వాలుని రోల్ అనీ అంటారు. డ్రైవ్ అడిగే మూడోది దీనికి పూర్తిగా ఎదురు: ట్రాక్‌కి, అంటే డిస్క్ మీద డేటా రాసే వలయానికి, అడ్డంగా మాత్రం స్లైడర్ ఒక్క పిసరు కూడా అనవసరంగా కదలకూడదు. అంగుళానికి 5 లక్షల ట్రాకులుంటే ఒక్కో ట్రాక్ వెడల్పు 50 నానోమీటర్లే. అందులో పదో వంతు తప్పినా ప్రమాదం అనుకుంటే, అన్ని కారణాలకీ కలిపి మన చేతిలో ఉన్నది 5 నానోమీటర్లు.

పైకీ కిందికీ మెత్తగా, వాలడానికి ఇంకా మెత్తగా, పక్కకి మాత్రం రాయిలా ఉండాలి. ఇకముందు ప్రతి అడుగులో మనం కుస్తీ పట్టేది దీంతోనే.

మూడో అడుగు: ఫ్లెక్షర్, డింపుల్

ఫ్లెక్షర్ 20 మైక్రాన్ల దరిదాపు మందమున్న స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. మధ్యలో నాలుక, దానికి రెండు పక్కలా సన్నని కాళ్లు ఉంటాయి. స్లైడర్ నాలుకకి అతికి ఉంటుంది. నాలుక వెనకవైపు లోడ్ బీమ్ నుంచి నొక్కి తీసిన చిన్న బొడిపె డింపుల్. గ్రామ్ లోడ్ మొత్తం ఆ ఒక్క బిందువు గుండానే స్లైడర్‌కి చేరుతుంది. త్రాసు ముల్లు మీద దూలం ఊగినట్టు స్లైడర్ దాని చుట్టూ వాలుతుంది.

ఫ్లెక్షర్ ఎంత మెత్తగా ఉండాలో ఇలా లెక్కేయండి. పిచ్ స్టిఫ్‌నెస్ (వాలకుండా ఎదురు నిలిచే గట్టిదనం) డిగ్రీకి 1 మైక్రోన్యూటన్ మీటర్ అనుకోండి. అసెంబ్లీలో స్లైడర్ 1 డిగ్రీ వంకరగా కూర్చుంటే, ఎగిరేటప్పుడు దాన్ని సమంగా ఉంచడానికి 1 మైక్రోన్యూటన్ మీటర్ మొమెంట్, అంటే తిప్పే బలం, కావాలి. దాన్ని 24.5 మిల్లీన్యూటన్లతో భాగిస్తే 41 మైక్రాన్లు వస్తుంది. అంటే ఆ ఒక్క డిగ్రీ తప్పు, గ్రామ్ లోడ్‌ని మధ్యనుంచి 41 మైక్రాన్లు పక్కకి జరిపి నొక్కినదానితో సమానం. 850 మైక్రాన్ల పొడవున్న స్లైడర్‌కి అది చిన్న విషయం కాదు, ఎగిరే తీరే మారిపోతుంది. అందుకే స్లైడర్ ఊరికే ఉన్నప్పుడు ఏ కోణంలో ఉందో ప్రతి ముక్కకీ కొలుస్తారు. అవసరమైతే లేజర్‌తో సన్నగా వేడిచేసి సరిదిద్దుతారు.

విద్యార్థులు ఇక్కడ మర్చిపోయేది రాగి తీగల్ని. ఫ్లెక్షర్ మీద పాలీఇమైడ్ పొర, దాని మీద రాగి ట్రేసులు ఉంటాయి. చదివే హెడ్‌కీ, రాసే హెడ్‌కీ, హీటర్‌కీ కరెంటు వెళ్లేది వాటిలోంచే. ట్రేసులు లేకుండా స్టీలు మాత్రమే మోడల్ చేస్తే స్టిఫ్‌నెస్ బాగా తక్కువ చూపిస్తుంది. పాలీఇమైడ్‌కి ఇంకో గుణం కూడా ఉంది, గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. మే నెల ఎండలో కొలిచిన కోణం, ముసురు పట్టిన జులైలో కొలిచిన కోణం ఒకటి కాకపోవచ్చు. కొలిచే గదిలో తేమని అదుపులో ఉంచేది ఇందుకే.

డింపుల్ వ్యాసార్ధం 0.2 మిల్లీమీటర్లు అనుకుని, తాకే చోట ఒత్తిడి చెప్పే హెర్ట్జ్ సూత్రం వేయండి. తాకే వృత్తం వ్యాసార్ధం సుమారు 3.3 మైక్రాన్లు, నడిమధ్య ఒత్తిడి 1.1 గిగాపాస్కల్స్! రెండున్నర గ్రాముల బరువుకి ఇంత ఒత్తిడా అని మొదటిసారి లెక్కేసినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. మరి వ్యాసార్ధం పెంచేయొచ్చు కదా అంటే, బొడిపె బొద్దుగా ఉన్నకొద్దీ స్లైడర్ వాలినప్పుడు తాకే బిందువు ఎక్కువ దూరం దొర్లుతుంది. 0.2 మిల్లీమీటర్లకి డిగ్రీకి 3.5 మైక్రాన్లు దొర్లితే, 1 మిల్లీమీటరుకి 17 మైక్రాన్లు దొర్లుతుంది. పైన చెప్పిన 41 మైక్రాన్ల లెక్క గుర్తుంటే అది ఎందుకు కూడదో తెలుస్తుంది. చిన్న వ్యాసార్ధమే ఉంచి, డింపుల్ ఉపరితలాన్ని నునుపు చేయడం మీద శ్రమ పెట్టడం మంచిదని నా అభిప్రాయం. అక్కడ రాపిడికి రాలే రేణువు 10 నానోమీటర్ల ఖాళీలోకి వెళ్తే ఏమవుతుందో ఊహించండి.

ఫ్లెక్షర్ నాలుక డింపుల్‌ని ఎప్పుడూ కొద్దిగా నొక్కుతూ ఉండేలా ముందే వంచి పెట్టాలి. ర్యాంప్ ఎక్కేటప్పుడు గాలిపొర స్లైడర్‌ని డిస్క్ వైపు లాగుతుంది. అప్పుడు నాలుక సాగిపోకుండా పట్టుకోవడానికి లిమిటర్ అనే చిన్న కొక్కెం కూడా ఉండాలి.

నాలుగో అడుగు: హింజ్

గ్రామ్ లోడ్ పుట్టేది ఇక్కడే. హింజ్‌ని తయారీలోనే కొంచెం వంచుతారు. డ్రైవ్‌లో పెట్టినప్పుడు అది దాదాపు సమంగా సాగదీయబడి, తిరిగి వంగాలని చూస్తూ స్లైడర్‌ని డిస్క్ వైపు నొక్కుతుంది.

ఈ సంఖ్యలతో చేయండి: హింజ్ మొదలు నుంచి డింపుల్‌కి 10 మిల్లీమీటర్లు, హింజ్ పొడవు 2 మిల్లీమీటర్లు, రెండు కాళ్లు ఒక్కోటి 1.5 మిల్లీమీటర్ల వెడల్పు, మందం 38 మైక్రాన్లు. స్టెయిన్‌లెస్ స్టీలు 304 యంగ్స్ మాడ్యులస్ (లోహం సాగకుండా ఎదురు నిలిచే కొలత) 193 గిగాపాస్కల్స్. లోడ్ బీమ్ వంగదనుకుంటే డింపుల్ దగ్గర స్టిఫ్‌నెస్ మీటరుకి సుమారు 16.3 న్యూటన్లు వస్తుంది. 24.5 మిల్లీన్యూటన్ల కోసం డింపుల్ ఉన్న కొనని 1.5 మిల్లీమీటర్లు నొక్కి ఉంచాలి.

ఈ మెత్తదనం ఎందుకు కావాలి? డ్రైవ్ కూర్పులో ఆర్మ్‌కీ డిస్కుకీ మధ్య దూరం ప్రతి డ్రైవ్‌లోనూ కచ్చితంగా ఒకేలా రాదు. 0.1 మిల్లీమీటరు తేడా వస్తే మన హింజ్‌కి బలం 1.6 మిల్లీన్యూటన్లు, అంటే ఆరేడు శాతం మారుతుంది. స్టిఫ్‌నెస్ రెట్టింపైతే ఈ తేడా కూడా రెట్టింపవుతుంది.

స్ట్రెస్ చూడండి. హింజ్ మొదట్లో 340 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది. ర్యాంప్ మీద ఇంకో అర మిల్లీమీటరు పైకి లేచి ఉంటే 450 దాటుతుంది. డ్రైవ్ ఆగి ఉన్నంతసేపూ, కొన్నిసార్లు నెలల తరబడి, హింజ్ ఆ స్థితిలోనే ఉంటుంది. మెత్తటి స్టీలు అయితే శాశ్వతంగా వంగిపోయి గ్రామ్ లోడ్ తగ్గిపోతుంది. కోల్డ్ రోలింగ్‌తో గట్టిపరచిన స్ప్రింగ్ గ్రేడ్ రేకునే వాడటానికి కారణం ఇది.

మందం విషయంలో ఒక మాట. వంపు స్టిఫ్‌నెస్ మందం ఘనంతో మారుతుంది. 38 మైక్రాన్ల రేకు 39గా వస్తే స్టిఫ్‌నెస్ 8 శాతం పెరుగుతుంది. గ్రామ్ లోడ్‌ని లేజర్‌తో ముక్కముక్కకీ సరిదిద్దవచ్చు గానీ స్టిఫ్‌నెస్‌ని అలా సరిదిద్దలేం. రేకు కొనేటప్పుడే మందం తేడాని గట్టిగా అడగాలి.

ఇక కిటికీ సంగతి. ఈ మొత్తం డిజైన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 3 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే పట్టీ వేసినా, ఒకటిన్నర మిల్లీమీటర్ల రెండు కాళ్లుగా చీల్చి మధ్యలో 1 మిల్లీమీటరు ఖాళీ వదిలినా, పైకీ కిందికీ వంగే స్టిఫ్‌నెస్ ఒకటే. లోహం వెడల్పు మొత్తం మారలేదు కదా. పక్కకి వంగే విషయంలో మాత్రం లెక్క వెడల్పు ఘనం మీద నడుస్తుంది. ఒకే పట్టీకి 3 ఘనం 27 అయితే, చీల్చినదానికి 4 ఘనంలోంచి 1 ఘనం తీస్తే 63. పక్క స్టిఫ్‌నెస్ 2.3 రెట్లయింది, అదనంగా ఒక్క మిల్లీగ్రాము కూడా చేర్చకుండానే. కాళ్లు విడివిడిగా కూడా కొంత వంగుతాయి కాబట్టి అసలు లాభం దీనికంటే తక్కువ ఉంటుంది, అయినా చాలా ఎక్కువే. మెలి తిరగకుండా ఆపడానికి కూడా దూరంగా ఉన్న కాళ్లే మేలు. హింజ్‌ని కాళ్లుగా చీల్చి వెడల్పుగా పరచడం వెనకున్న తర్కం ఇది.

ఐదో అడుగు: లోడ్ బీమ్, కంపనాలు

లోడ్ బీమ్ పని బలాన్ని డింపుల్ దాకా మోసుకెళ్లడం, దారిలో తాను ఊగకపోవడం. పలచగా ఉంటూనే గట్టిగా ఉండాలంటే అంచులు మడవాలి. 3 మిల్లీమీటర్ల వెడల్పు, 38 మైక్రాన్ల రేకు రెండు అంచుల్నీ పావు మిల్లీమీటరు ఎత్తున నిలువుగా మడిస్తే, ఆ రెండు అంచుల సొంత జడత్వ మొమెంటే (ఆకారం వల్ల వంపుకి ఎదురు నిలిచే కొలత) సమతల రేకుకి ఏడు రెట్లుంటుంది. అన్నీ కలిపి లెక్కేస్తే ఇంకా ఎక్కువ. అయితే ఎత్తైన అంచు గాలికి అడ్డు నిలుస్తుంది. సెకనుకి 36 మీటర్ల వేగంతో వచ్చే గాలి దాన్ని ఊపుతుంది. 2013లో హెచ్‌జీఎస్‌టీ తెచ్చిన అల్ట్రాస్టార్ హీ6లో గాలి బదులు హీలియం నింపారు. హీలియం సాంద్రత గాలిలో ఏడో వంతే కాబట్టి ఈ ఊపు బాగా తగ్గింది. ఒకే డ్రైవ్‌లో 7 డిస్కులు పెట్టగలగడానికి అది ఒక కారణం.

కంపనాల లెక్కలో నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సస్పెన్షన్‌ని బేస్ ప్లేట్ దగ్గర బిగించి, కొనని వదిలేసి, అది ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర తనంతట ఊగుతుందో కంప్యూటర్ మోడల్‌లో లెక్కేశాను. మొదటి ఫ్రీక్వెన్సీ 200 హెర్ట్జ్ దగ్గర వచ్చింది. చాలా తక్కువుందని కంగారుపడి వారం రోజులు హింజ్‌ని మందం చేస్తూ పోయాను. ఫ్రీక్వెన్సీ కొంచెం పెరిగింది గానీ గ్రామ్ లోడ్ తేడాలు పాడైపోయాయి. మా సీనియర్ సార్ చూసి, డెస్క్ మీదున్న స్టీలు స్కేలు తీసుకుని బల్ల అంచున పట్టి మీటారు. డుర్‌ర్‌ మని మోగింది. తర్వాత రెండో కొస కింద వేలు పెట్టి మధ్యలో మీటారు. శబ్దం ఒక్కసారిగా సన్నబడి పైకి పోయింది. "నీ స్లైడర్ గాలిలో ఊరికే వేలాడటం లేదయ్యా, గాలిపొర దాన్ని పట్టుకుని ఉంది" అన్నారు. ఆ గాలిపొర హింజ్‌తో పోలిస్తే వేల రెట్లు గట్టిది.

కాబట్టి మోడల్‌లో స్లైడర్‌కి మూడు కదలికలు ఆపాలి: పైకీ కిందికీ, పిచ్, రోల్. మిగిలిన మూడూ, అంటే డిస్క్ తలంలో ముందుకి, పక్కకి, నిలువు అక్షం చుట్టూ తిరగడం, వదిలేయాలి. డింపుల్ దగ్గర నాలుకా బీమూ ఒకే బిందువులో కలిసి కదలాలి, కోణాలు మాత్రం విడివిడిగా ఉండాలి. ముందు గ్రామ్ లోడ్ ఇచ్చి వంగిన స్థితిని కనుక్కుని, ఆ స్థితి మీదే కంపనాలు లెక్కేయాలి. ఫ్రీక్యాడ్, కాలిక్యులిక్స్ ఉచితంగానే దొరుకుతాయి, ఈ పనికి సరిపోతాయి. మోడల్‌ని చిన్న ముక్కలుగా చీల్చేటప్పుడు పలచని రేకుకి షెల్ ఎలిమెంట్లు (పలకలాంటి ముక్కలు) వాడండి, హింజ్ పొడవునా కనీసం ఎనిమిది ఉండాలి.

ఒక్కో సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర బీమ్ ఊగే తీరుని మోడ్ అంటారు. వచ్చే మోడ్‌లలో మొదటిది వంపు మోడ్, రెండు మూడు కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బీమ్ పైకీ కిందికీ ఊగుతుంది, హెడ్ మాత్రం ట్రాక్ మీదే ఉంటుంది. దీని గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు.

తర్వాతిది టోర్షన్, అంటే బీమ్ మెలితిరగడం. అసలు కష్టం దీనిది. మెలితిరిగే అక్షం సరిగ్గా డింపుల్ కొన గుండా పోతే బీమ్ ఎంత మెలితిరిగినా హెడ్ పక్కకి కదలదు. అక్షం 50 మైక్రాన్లు పైనో కిందో ఉందనుకోండి. 10 మైక్రోరేడియన్ల మెలికకి హెడ్ అర నానోమీటరు కదులుతుంది. మన 5 నానోమీటర్ల బడ్జెట్‌లో పదో వంతు ఆ ఒక్క మోడ్‌కే పోయింది. ఆ అక్షాన్ని జరిపే సాధనం హింజ్ వంపు ఆకారం. వంపు ఎక్కడ మొదలవుతుంది, ఎంత గుండ్రంగా ఉంది, బీమ్ బేస్ ప్లేట్ తలానికి ఎంత కింద ఉంది అనేవి కొన్ని మైక్రాన్లు మారితే టోర్షన్ గెయిన్, అంటే మెలికకి హెడ్ పక్కకి ఎంత కదులుతుందనేది, ఎక్కువై, తగ్గి, సున్నాకి దగ్గరై, మళ్లీ రెండోవైపు పెరుగుతుంది. కాబట్టి ఒక్క ఆకారానికి లెక్కేసి ఊరుకోకండి. వంపు ఎత్తుని చిన్న అంగలతో మారుస్తూ పది పన్నెండు సార్లు లెక్కేసి గ్రాఫ్ గీయండి. సున్నా పడే చోటు కంటే, తయారీ తేడాలు వచ్చినా గెయిన్ మరీ పెరగని చోటు ఎంచుకోవాలి. ఇంతటి ఓపిక ఇంకే అడుగులోనూ అవసరం పడదు.

మూడోది స్వే. బీమ్ మొత్తం డిస్క్ తలంలోనే పక్కకి వంగుతుంది. హెడ్‌ని నేరుగా ట్రాక్ తప్పిస్తుంది, టోర్షన్‌లా అక్షం జరిపి తప్పించుకునే దారి లేదు. దాని ఫ్రీక్వెన్సీని వీలైనంత పైకి, 10 కిలోహెర్ట్జ్ దాటించి, హెడ్‌ని ట్రాక్ మీద నిలిపే సర్వో (నియంత్రణ వ్యవస్థ) పనిచేసే పరిధికి దూరంగా నెట్టడమే ఉపాయం. నాలుగో అడుగులో కాళ్లని దూరం జరిపిన ఫలితం ఇక్కడ చేతికొస్తుంది. అప్పటికీ శిఖరం ఎత్తుగా ఉంటే బీమ్ మీద జిగురు పొర, దానిపై పలచని రేకు అతికించి డ్యాంపర్ వేస్తారు.

లెక్క సరిచూడటానికి బేస్ ప్లేట్‌ని పక్కకి ఊపుతూ హెడ్ ఎంత కదిలిందో ప్రతి ఫ్రీక్వెన్సీకీ గ్రాఫ్ తీయండి. మోడ్ బొమ్మలు చూసి పేర్లు పెట్టడం కంటే ఈ గ్రాఫ్ నిజం చెబుతుంది. కొత్త డ్రైవుల్లో సస్పెన్షన్ మీదే చిన్న పీజెడ్‌టీ (వోల్టేజ్ ఇస్తే సాగి కుంచించుకునే సిరామిక్) ముక్కలు అతికించి హెడ్‌ని సన్నగా జరుపుతారు. అలాంటిదైతే పీజెడ్‌టీ ఊపుకి కూడా వేరే గ్రాఫ్ కావాలి. అది లేపే మోడ్‌లు వేరుగా ఉంటాయి.

ఆరో అడుగు: షాక్, స్వేజింగ్

డ్రైవ్ తిరుగుతుండగా కుదుపు వస్తే స్లైడర్ డిస్క్ నుంచి లేచి మళ్లీ పడొచ్చు. ఎప్పుడు లేస్తుందో సుమారుగా చెప్పే లెక్క సులువు: గ్రామ్ లోడ్‌ని కొస దగ్గర పనిచేసే బరువుతో భాగించండి. 2.5 గ్రాములు, 10 మిల్లీగ్రాములు అయితే 250 జీ, అంటే భూమ్యాకర్షణ త్వరణానికి 250 రెట్లు. గ్రామ్ లోడ్ పెంచితే రాపిడి, అరుగుదల పెరుగుతాయి. కాబట్టి బరువు తగ్గించడమే మంచి దారి. బీమ్ కొస వైపు రంధ్రాలు చేయడం, సన్నబరచడం అందుకే. అయితే ప్రతి రంధ్రం తర్వాతా ఐదో అడుగు మళ్లీ చేయాలి.

బేస్ ప్లేట్ గురించి క్లుప్తంగా. దాని మధ్యన గొట్టంలా పొడుచుకొచ్చిన గుండ్రని భాగాన్ని (బాస్) ఆర్మ్ రంధ్రంలో పెట్టి, లోపలి నుంచి ఒక స్టీలు గోళీని బలంగా తోస్తారు. బాస్ వెడల్పై ఆర్మ్‌ని పట్టేస్తుంది. దీన్నే స్వేజింగ్ అంటారు. ఈ క్రమంలో ప్లేట్ కొద్దిగా వంగి గ్రామ్ లోడ్ మారుతుంది. ఆర్మ్‌కి పైన ఉన్న సస్పెన్షన్‌కీ కింద ఉన్నదానికీ గోళీ తోసే దిశ ఎదురెదురుగా పడుతుంది కాబట్టి మార్పు కూడా ఒకేలా ఉండదు. ప్లేట్‌ని హింజ్ కంటే చాలా మందంగా ఉంచడం, బాస్‌కీ హింజ్‌కీ మధ్య దూరం ఇవ్వడం దీనికి మందు.

ఏడో అడుగు: పదింతల మోడల్

మైక్రాన్ల రేకుని ఇంట్లో కోయలేం. కానీ అన్ని కొలతలూ పదింతలు చేస్తే అదే లోహానికి స్టిఫ్‌నెస్ పదింతలవుతుంది, ఫ్రీక్వెన్సీ పదో వంతవుతుంది, అదే స్ట్రెస్ రావడానికి బలం వందింతలు కావాలి. రాణీగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో 0.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు అడగండి. గట్టి స్ప్రింగ్ రకం కావాలని చెప్పండి. రెండు ముక్కలు తయారుచేయండి. ఒకదానికి హింజ్ 30 మిల్లీమీటర్ల ఒకే పట్టీ, రెండోదానికి 15 మిల్లీమీటర్ల రెండు కాళ్లు, మధ్యలో 10 మిల్లీమీటర్ల కిటికీ. రెండింటికీ హింజ్ పొడవు 20, కొన దూరం 100. బీమ్ భాగం అంచులు మడవడం కష్టమైతే దానిమీద ఇంకో రేకు రివెట్ చేసి గట్టిపరచండి.

సీ క్లాంప్‌తో బల్లకి బిగించి, కొనకి 250 గ్రాముల బరువు వేలాడదీయండి. రేకు సొంత బరువుకి వంగినదాన్ని తీసేసి, ఈ బరువుకి దిగినదాన్ని మాత్రం కొలవండి. మందం 38 బదులు 40 లెక్కన ఉంది కాబట్టి దాదాపు 13 మిల్లీమీటర్లు రావాలి. ఎక్కువ వస్తే బీమ్ కూడా వంగుతోందని, లేదా క్లాంప్ కింద రేకు జారుతోందని అర్థం.

తర్వాత కొన కింద సైకిల్ బేరింగ్ గోళీ పెట్టి, దాన్ని కింద మైనంలో కూర్చి, రేకు 13 మిల్లీమీటర్లు వంగి గోళీని నొక్కుతూ ఉండేలా ఎత్తు సరిచేయండి. గోళీయే మీ డింపుల్. ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ తెరిచి, పెన్సిల్ రబ్బరు కొసతో బీమ్ మధ్యలో ఒకసారి, ఒక అంచు మీద ఒకసారి తట్టండి. అంచు మీద తట్టినప్పుడు అదనంగా లేచే శిఖరం టోర్షన్‌ది. గోళీ తీసేసి మళ్లీ తడితే శబ్దం ఎంత కిందికి పడిపోతుందో విని చూడండి.

చివరగా రెండు ముక్కల కొనల్నీ వేలితో పక్కకి తోయండి. 250 గ్రాములకి రెండూ ఒకేలా వంగినవే, పక్కకి తోసినప్పుడు మాత్రం కిటికీ ఉన్నది స్పష్టంగా ఎదురు తిరుగుతుంది. ఆ తేడాని స్ప్రింగ్ త్రాసుతో కొలిచి, 2.3తో పోల్చి, ఎంత తగ్గిందో రాసుకోండి. ఆ తగ్గుదల కాళ్లు విడివిడిగా వంగడం వల్లనా, క్లాంప్ వల్లనా అని తేల్చడానికి కాళ్ల పొడవు 20 నుంచి 10కి తగ్గించిన మూడో ముక్క కోస్తే చాలు.